మూట విప్పకుండా

"ఇది అన్నమా, పొంగలా?" అన్నారు మామయ్య.

కంచంలోంచి ఒక మెతుకును పక్కకు లాగి బొటనవేలితో నొక్కారు. అది నలిగి కంచానికి అతుక్కుపోయింది. ఆ మరకను నాకూ అత్తయ్యకూ వంతులవారీగా చూపించారు.

"మెత్తగా ఉంటే అరుగుతుందని నేనే వండమన్నా. కోడలిమీద ఎగరబోకండి" అంది అత్తయ్య.

"బియ్యం యాపారం చేసేవాడింట్లో మెతుకూ మెతుకూ కరుసుకోని ఉంటే ఊరంతా నగదా?"

"ఊరంతా వచ్చి మన గిన్నెలో తొంగి చూస్తుందా ఏంది? తినండి."

"పాత పొన్ని తెచ్చి పడేస్తిని గదే! విడివిడిగా రాలాల ఆ బియ్యం. దాన్ని తీసుకపోయి జావ చేస్తారా?"

"నిన్న రాలింది గదా, నాలుగు ముద్దలు తిని లేస్తిరి. మొన్నా రాలింది. మొన్న మూడే."

మామయ్య కంచం ముందుకు తోసేశారు. మా ఆయన ఆనంద్ "నాన్నా, మజ్జిగైనా..." అనబోతే, "నువ్వు ముందు తిని అంగడికి పో. బాహూరు బియ్యం లోడు వచ్చే టయిమయింది" అని లేచిపోయారు. అత్తయ్య ఆ కంచం వైపు చూస్తూ కూర్చుంది. రెండు ముద్దలు కూడా తగ్గలేదు అందులో.

అప్పటికి అయిదారు నెలలుగా మా ఇంట్లో తప్పంతా బియ్యానిదే. మామయ్యకు కడుపు ఉబ్బరంగా ఉంటే, కొత్త బియ్యం అరగలేదన్నారు. పాత బియ్యం వచ్చింది. పుల్లటి తేన్పులు వస్తే, తట్టాంచావడి మిల్లులో పాలిష్ ఎక్కువ పట్టారన్నారు. మిల్లు మారింది. రెండు ముద్దలకే కడుపు నిండిపోతోందంటే, బాహూరు నీళ్ళు ఈ ఏడు మంచివి కావన్నారు. ఆరణి నుంచి వేరే రకం తెప్పించారు. వేరే ఇంట్లో అయితే ఈపాటికి మనిషిని డాక్టరు దగ్గరికి పంపేవాళ్ళు. మా ఇంట్లో మూటను వెనక్కి పంపేవాళ్ళు. నలభై ఏళ్ళు బియ్యం అమ్మిన మనిషి, తన కడుపులోకి ఏది పోయినా ముందు దాన్నే అనుమానిస్తాడు.

ఆ మధ్యాహ్నం ఆయన వరండాలో కునుకు తీస్తుండగా కాళ్ళ దగ్గర మంచినీళ్ళ చెంబు పెట్టడానికి వెళ్ళాను. చెయ్యి కుర్చీ మీదినుంచి వేలాడుతోంది. ఉంగరానికి లోపలివైపు పురికొస చుట్టి ఉంది, వేలినుంచి జారిపోకుండా. మూటలు కుట్టే పురికొస. ఆ ఉంగరం ఒకప్పుడు సబ్బు రాస్తే గానీ ఊడేది కాదు.

సాయంత్రం ఆనంద్‌కు ఆ మాట చెప్పాను. "వయసు గదా" అన్నారాయన. కాసేపయ్యాక తనే లేచి వెళ్ళి తండ్రి చేతిని చూసి వచ్చారు. వారం తిరక్కముందే మామయ్యను ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. గొంతులోంచి గొట్టం వేసి చూశారు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు, స్కాన్ తీశారు.

ఫలితం వినడానికి నేనూ ఆనంద్ మాత్రమే వెళ్ళాం. సర్జన్ పేరు ఇలక్కియ. నలభై దాటి ఉండదు. మాటల్లో తొందర లేదు. జీర్ణాశయం కింది భాగంలో కాన్సర్ ఉందనీ, ఇంకా దూరం పాకినట్టు స్కాన్‌లో కనపడలేదనీ, ఆ జీర్ణాశయంలో మూడింట రెండు వంతులు తీసేసి మిగిలినదాన్ని పేగుకు కలపాలనీ చెప్పింది. పొట్ట నిలువునా కోయకుండా నాలుగైదు చిన్న రంధ్రాలు వేసి, కెమెరాతో చూస్తూ చేస్తానంది. తీసిన భాగాన్ని బయటికి తేవడానికి మాత్రం బొడ్డు దగ్గర చిన్న కోత.

"ఆయనకు ఆయాసం ఉంది. తవుడు దుమ్ములో బతికిన ఊపిరితిత్తులు. పెద్ద కోత కోస్తే ఆ నొప్పికి దగ్గలేరు, గట్టిగా ఊపిరి తీయలేరు. కఫం లోపలే ఉండిపోతే న్యుమోనియా వస్తుంది. నా భయమంతా దానికే. అలాగని ఎక్కువ రోజులు ఆలోచిస్తూ కూర్చోవడానికీ లేదు" అంది.

ఇంటి గుమ్మం దగ్గర ఆనంద్ ఆగి, "కడుపులో పుండని చెప్తా. నువ్వు ఊరికే ఉండు" అన్నారు.

చెప్పారు కూడా. "పుండు నాన్నా. చిన్న తూట్లేసి తీసేస్తారంట."

మామయ్య కొడుకు మొహాన్ని చాలాసేపు చూశారు. "పుండుకు మాత్రలిస్తారు గానీ కడుపు కోస్తారా? బియ్యం అమ్మేవాడి కొడుకువి, అబద్ధం అమ్మడం మాత్రం నేర్చుకోలేదురా నువ్వు." తరువాత నా వైపు తిరిగారు. "అమ్మాయీ, నువ్వు చెప్పు. ఏంది అది?"

అత్తయ్య వంటింటి గడపలో నిలబడి ఉంది. ఆనంద్ నేలచూపులు చూస్తున్నారు. చెప్పకుండా ఉండడానికి నాకు మార్గం కనపడలేదు. ఆయన అడిగింది తన కడుపు గురించి.

"కాన్సర్, మామయ్యా" అన్నాను. "తీసేయవచ్చు అంటున్నారు."

అత్తయ్య చేతిలోని గరిటెను మెల్లగా గడప మీద పెట్టింది. మామయ్య ఉంగరాన్ని ఒకసారి చుట్టూ తిప్పుకున్నారు.

"అట్లయితే తూట్లు వద్దు" అన్నారు చివరికి. "చిన్న తూటులోంచి పోయేది చిన్న జబ్బు. ఇది పెద్దది. మూట విప్పి, నేలమీద పోసి, ఏరాల. విప్పి చేస్తే చేయించుకుంటా. లేదంటే వద్దే వద్దు, ఇట్లే పోనీండి నన్ను."

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో మా అందరికీ తెలుసు. బియ్యం అంగడిలో కుత్తూసి అని ఒక ఇనుప గొట్టం ఉంటుంది. జానెడు పొడవు, ఒక కొన మొనదేలి, పైన గాడి తీసి ఉంటుంది. మూటలోకి గుచ్చి లాగితే గాడిలో పిడికెడు గింజలు బయటికి వస్తాయి. వాటిని చూసి మూట మొత్తానికి ధర కడతారు. మోసం చేసేవాళ్ళకూ ఆ సంగతి తెలుసు. మూతి దగ్గర మంచి బియ్యం నింపి, అడుగున ముక్కిన బియ్యం పోస్తారు. మామయ్య కుర్రతనంలో అలా ఒకసారి లోడు లోడంతా మోసపోయారట. ఆయనకు తూటంటే అది. పైన మంచిగా కనపడి, అడుగున ఏముందో దాచేది.

"నలభై ఏండ్లు పరాయోళ్ళ మూటలన్నీ పొడిస్తిరి. మిమ్మల్ని పొడుస్తామంటే మాత్రం ఏడుపొస్తా ఉందా?" అంది అత్తయ్య. మామయ్య నవ్వలేదు.

మర్నాటినుంచి ఆయన అంగడిలో కుత్తూసి ముట్టుకోలేదు. వచ్చిన ప్రతి మూటనూ విప్పి నేలమీద పోయించడం మొదలుపెట్టారు. ఆయన దగ్గర చిన్నప్పటినుంచి మూటలు దించే చెంగల్రాయన్ పోసింది మళ్ళీ ఎత్తలేక, విప్పిన గోనెలు మళ్ళీ కుట్టలేక అల్లాడిపోయాడు. కుట్టు విప్పి కుట్టిన గోనె మొదటిలా ఉండదు. పాత తూట్లూ కొత్త తూట్లూ కలిసి బియ్యం కారుతుంది. అంగడి ముందు పిచ్చుకలు మూగాయి. ఆనంద్ ఇంటికొచ్చి, "ఇట్ల చేస్తే యాపారం సాగినట్లే" అన్నారు. అన్నారే గానీ తండ్రిని ఆపలేదు. ఎందుకు పోయిస్తున్నారో తెలిసి ఎలా ఆపుతారు?

ఆ వారంలోనే జవుళి కొట్టు విజయరంగన్ గారు చూడడానికి వచ్చారు. మామయ్యకు ఈడు, చిన్ననాటి స్నేహితుడు. చాలా ఏళ్ళ కిందట ఆయనకు కడుపులో పెద్ద ఆపరేషన్ జరిగింది. వచ్చీరాగానే చొక్కా ఎత్తి చూపించారు. రొమ్ము ఎముక కిందినుంచి బొడ్డు దాటేదాకా ఒకటే గీత, రెండువైపులా కుట్ల గుర్తులు.

"చూడు పట్టాభీ, విళుప్పురం రైలు పట్టాలు! దీంట్లో రెండు చేతులూ పెట్టి తోడేసినారు. అందుకే ఇంకా నీ ఇంట్లో కాఫీ తాగతా ఉండా."

"చూసినారా?" అన్నట్టు మామయ్య మావైపు చూశారు.

నేను కాఫీ ఇస్తూ చూసింది మాత్రం వేరే. చొక్కా కింద విజయరంగన్ గారు వెడల్పాటి బెల్టు కట్టుకుని ఉన్నారు. నడుము నొప్పికన్నారు. కాఫీ పొరబోయి దగ్గు వచ్చినప్పుడు మాత్రం నడుము పట్టుకోలేదు. అరచేత్తో ఆ గీతను అదిమి పట్టుకున్నారు, లోపలిది బయటికి తోసుకొస్తున్నట్టు. మామయ్య కాఫీ గ్లాసు పట్టుకుని ఆ చేతినే చూస్తున్నారు. ఆ మర్నాడు, "ఆ డాక్టరమ్మను నేనొకతూరి చూడాల" అన్నారు.

ఆసుపత్రికి ఆయన చేతిసంచీ తెచ్చుకున్నారు. అందులో ఏముందో ఎవరికీ చెప్పలేదు. డాక్టరమ్మ ఎదుట కూర్చుని, సంచీలోంచి కుత్తూసి తీసి ఆమె బల్లమీద పెట్టారు. పక్కనున్న నర్సు రెండడుగులు వెనక్కి వేసింది.

"మీరు చేయబోయేది ఇదే గదా?" అన్నారు మామయ్య తమిళంలో. ఈ తమిళ ఊళ్ళో నలభై ఏళ్ళు వ్యాపారం చేసినందుకు, ఆయన తమిళం మా తెలుగు కంటే సాఫీగా ఉంటుంది.

డాక్టరమ్మ దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పింది. మొనను వేలితో తాకింది. "బియ్యానిదా? మా అమ్మమ్మగారి ఊళ్ళో చూశాను" అంది. తిరిగి ఆయన చేతికే ఇస్తూ, "దీనికి కన్ను లేదయ్యా. ఎక్కడ గుచ్చితే అక్కడి గింజలే తెస్తుంది. నా గొట్టం కొన మీద కన్ను ఉంటుంది" అంది.

కంప్యూటర్‌లో ఒక ఆపరేషన్ చూపించింది. నాకు చూడడం కష్టమైంది. మామయ్య మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుని తెరకు దగ్గరగా వంగారు. తడిగా మెరుస్తున్న గులాబి రంగు, దానిమీద పసుపు పచ్చని కొవ్వు, పెన్సిల్ సీసమంత రక్తనాళాలు. సన్నని పరికరం ఒకటి ఆ నాళం మీదినుంచి పొరను వలుస్తోంది, చిక్కుడుకాయ ఈనె తీసినంత నెమ్మదిగా.

"ఎవరిది?"

"పేరు చెప్పకూడదు. బాగున్నారు."

"ఇంత పెద్దగా కనపడుతుందా మీకు?"

"చేత్తో తెరిచి చూసేదానికన్నా పెద్దగా కనపడుతుంది. కానీ చేత్తో తడిమి చూడలేను. అది పోగొట్టుకుంటాను" అంది.

మామయ్య తల పైకెత్తారు. "సరుకులో ఉండే తప్పు మీరే చెప్తారా?"

"మీరడిగిందే మా గురువులూ, వాళ్ళ గురువులూ అడిగారు. పిత్తాశయం తీయడానికి ఈ పద్ధతి వచ్చినప్పుడు త్వరగానే ఒప్పుకున్నారు. కాన్సర్ ఉన్న కడుపు అనేసరికి ఆగిపోయారు. ఎందుకంటే కడుపు తీస్తే చాలదు. దాని చుట్టూ నాళాల వెంట చిన్న చిన్న గ్రంథులుంటాయి. జబ్బు ముందు వాటిల్లోకి పాకుతుంది. వాటినన్నిటినీ తూట్లలోంచి ఊడ్చి తీయగలమా, ఏదైనా అడుగున మిగిలిపోతుందా అని. జపాన్‌లో 1991లో మొదలుపెట్టినప్పుడు బాగా తొలిదశలో ఉన్నవాళ్ళకే చేశారు."

"తరవాత?"

"తరువాత జపాన్‌లో, కొరియాలో, చైనాలో ఒప్పుకున్న రోగుల్ని చీటీ వేసినట్టు రెండు వాటాలు చేశారు. ఒక వాటాకు పెద్ద కోత, ఇంకో వాటాకు తూట్లు. తీసిన గ్రంథులు ఎన్నో లెక్కపెట్టారు. ఎవరు బతికారో, ఎవరికి మళ్ళీ వచ్చిందో ఏళ్ళ తరబడి చూశారు."

"రెండు మూటలనూ ఒకే తరాజులో వేసినారన్నమాట. ఏది ముల్లు లాగింది?"

"ఏదీ లాగలేదు. చెయ్యి తిరిగినవాళ్ళు చేస్తే, మీలాంటి దశలో ఉన్నవాళ్ళకు రెండూ సమానమని తేలింది. తూట్లు వేస్తే ఎక్కువ కాలం బతుకుతారని నేను చెప్పను. నొప్పి తక్కువగా ఉంటుంది, త్వరగా లేచి నడుస్తారు. మీ ఆయాసానికి అదే కావాలి. అంతకు మించి చెప్తే అబద్ధం."

మామయ్య కుర్చీలో వెనక్కి వాలారు. తనకు తెలిసిన వ్యాపారంలో, సరుకును ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పనివాళ్ళు ఆయనకు అరుదుగా దొరికి ఉంటారు.

"మీ చెయ్యి తిరిగిందా?"

"కత్తి పట్టేముందు చాలా ఏళ్ళు ఇంకొకరి కోసం కెమెరా పట్టుకుని నిలబడ్డాను. పెద్ద కోతా వచ్చు, ఇదీ వచ్చు."

"తూట్లేసి లోపల చూస్తే, మీరు అనుకున్నట్టు లేకపోతే?"

"మూట విప్పేస్తాను. అక్కడికక్కడే. దానికి మీ ఒప్పుదల నాకు ముందే కావాలి."

"విప్పితే మీకు నామోషీ గాదా? తూట్లతో చేస్తానని చెప్పి?"

"విప్పాల్సినప్పుడు విప్పకపోతే నామోషీ."

మామయ్య కుత్తూసిని సంచీలో పెట్టుకున్నారు. "అడిగి చెప్తా" అన్నారు లేస్తూ.

"ఎవరిని అడుగుతారయ్యా?"

"నన్నే."

ఇంట్లో మూడు రోజులు ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అత్తయ్య రెండు గిన్నెల్లో అన్నం వండమంది, ఒకటి మెత్తగా, ఒకటి పలుకుగా. మామయ్య పలుకు అన్నమే పెట్టించుకుని నాలుగు ముద్దలు తిని లేచేవారు. మెత్తటి గిన్నె అలాగే ఉండిపోయేది.

శనివారం అంగడికి క్యారియర్ తీసుకువెళ్ళాను. మా అంగడి పెద్ద మార్కెట్టు వెనక వీధిలో. బాహూరు నుంచి లోడు దిగుతోంది. చెంగల్రాయన్ మొదటి మూటను దించి, కుట్టు విప్పడానికి పురికొస కొనను పళ్ళతో పట్టుకున్నాడు.

"ఉండరా" అన్నారు మామయ్య. గల్లాపెట్టె పక్కనుంచి కుత్తూసి తీశారు.

"ఏందయ్యా, దానికి మళ్ళీ మోక్షం వచ్చిందా?" అన్నాడు చెంగల్రాయన్. "నా నడుం విరిగేదాకా విప్పించి, ఇప్పుడు తీస్తా ఉండారే!"

"నోరు మూసుకోని తిప్పరా దాన్ని."

ఆయన ఎప్పటిలా ఒకటి రెండు చోట్ల గుచ్చి వదిలిపెట్టలేదు. మూతి దగ్గర, పొట్ట దగ్గర, పక్కన, తిప్పించి అడుగున. గుచ్చిన ప్రతిసారీ గింజల్ని అరచేతిలో పరిచి వెలుగులోకి పట్టి చూశారు, వాసన చూశారు, ఒకటి పంటికింద వేసుకున్నారు. చూడడం అయ్యాక బొటనవేలితో గోనెను రుద్దారు. పక్కకు జరిగిన పోగులు ఒకదానిమీదికి ఒకటి వచ్చి తూటు మూసుకుపోయింది. నలభై ఏళ్ళుగా ఆ చెయ్యి చేస్తున్న పనే. ఈసారి మాత్రం రుద్దినచోట వేలు ఆపి, కొంచెంసేపు అలాగే చూశారు.

"ఇది సరి. లోపలెయ్యి. విప్పద్దు."

మూట తరువాత మూట అలాగే పోయింది. ఒకదాని అడుగునుంచి వచ్చిన గింజలు అరచేతిలో పరుచుకోలేదు. ఉండగా నిలిచాయి. మామయ్య వాటిని నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"చెమ్మ. దీన్ని విప్పురా."

చెంగల్రాయన్ మారుమాట లేకుండా కుట్టు లాగాడు. బియ్యం నేలమీద పరుచుకుంది. మామయ్య దాని ముందు గొంతుకూర్చుని, చెమ్మ పట్టినదాన్ని చేత్తో వేరు చేయసాగారు. మధ్యలో ఆయాసం వచ్చి ఆగారు. నేను క్యారియర్ బల్లమీద పెట్టి వచ్చేశాను.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం అంగడి మూసి అందరూ ఇంట్లోనే తింటారు. చింతకాయ వేయకుండా పప్పు, సొరకాయ కూర, చారు చేశాను. ఎప్పటిలాగే రెండు గిన్నెలు దించాను. మామయ్య వచ్చి పీటమీద కూర్చున్నారు. ఆనంద్ పక్కన కూర్చున్నారు. అత్తయ్య వడ్డిస్తానని గరిటె తీసుకుని, పలుకు అన్నం గిన్నె దగ్గరికి వంగింది.

"అది కాదు. ఆ గిన్నెలోది పెట్టు" అన్నారు మామయ్య.

అత్తయ్య చెయ్యి గాలిలో ఆగింది. తరువాత మెత్తటి అన్నం ఒక గరిటె వేసింది. అది కంచంలో ముద్దగా నిలబడింది. మామయ్య దానిలో చారు పోయించుకున్నారు. కలపలేదు ఇంకా.

"చెప్తా ఉండా, అందురూ వినండి" అన్నారు. "తూట్లేసే చేయమందాం ఆ అమ్మని. లోపల చెమ్మ ఉంటే విప్పమందాం. రెండిటికీ నేను ఒప్పుకుంటిని. ఆనందూ, రేపు పొద్దున్నే పోయి చెప్పిరా, రోజు ఖాయం చేసుకో. అంగడి చెంగల్రాయన్ చూసుకుంటాడు. మూటకు నాలుగుచోట్ల గుచ్చమని వాడికి చెప్పినా."

ఆనంద్ తల ఊపారు. అత్తయ్య గరిటెను రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. ఏదో ఎత్తిపొడుపు మాట వస్తుందని మేమందరం ఎదురుచూశాం. రాలేదు.

"నెయ్యి వేసేదా?" అంది, అంతే.

"ఒక చుక్క."

మామయ్య ఒక మెతుకును పక్కకు తీసి, అలవాటుగా బొటనవేలితో నొక్కారు. నలిగింది. దాన్ని తిరిగి ముద్దలో కలుపుకున్నారు.

"రేపటినించి ఇంకాస్త ఉడకనీ అమ్మాయీ" అన్నారు నాతో. "మిగిలే కొంచెం కడుపుతో బతకాలంటే ఇప్పట్నుంచే అలవాటు చేసుకోవాల గదా."